నాకా లేని కళాశాల



ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు ఒక దిక్కున తార్నాక, మరియొక దిక్కున గోల్నాక కలవు. రెండు పేర్లలోను ‘నాకా’ అను మాట యున్నది. బాటసారిని నిలిపి విచారించు చౌకీకి నాకా యని పేరు. ఆ చౌకీలు పోయినవి, పేర్లు మిగిలినవి. కాని చిత్రకళ నేర్వగోరు సామాన్యునకు నాకా యింకను తొలగలేదు. “నీ వయస్సెంత? నీకు చేయి తిరిగినదా?” అను రెండు ప్రశ్నలు వానిని గుమ్మము కడనే నిలుపుచున్నవి.

మన నగరమున కళాశిక్షణ లేదని నా భావము కాదు. 1940లో మొదలైన లలితకళల కళాశాల నేడొక విశ్వవిద్యాలయమున భాగమై వర్ధిల్లుచున్నది. అందు ప్రవేశపరీక్ష కలదు. కళను వృత్తిగా స్వీకరించువారికి అది తగినదే. పబ్లిక్ గార్డెన్సులోని బాలభవనము పిల్లలది. ఈ రెంటి నడుమ మిగిలినవా రెవరు? పింఛను పుచ్చుకొను వృద్ధుడు, వంటపని ముగించుకొన్న గృహిణి, వినికిడి లేని యువకుడు, వ్రేళ్లు వంగని బాలిక. వీరికి చోటేది?

ఒక కళాశాల దేనివలన పుట్టి దేనివలన నిలుచునో రాజమహేంద్రవరపు చరిత్ర చెప్పుచున్నది. అచటి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయముగా చిత్రములు వ్రాయు అభిరుచి గలవాడు. ఆయన చేరదీసిన యువకులలో దామెర్ల రామారావు చిత్రకారుడయ్యెను. అడివి బాపిరాజు చిత్రకారుడును నవలాకారుడును అయ్యెను. ఆ శిష్యరికమునకు పరీక్ష లేదు, పట్టా లేదు. రామారావు బొంబాయిలో విద్య ముగించి, స్వస్థలమునకు వచ్చి చిత్రకళాశాల నెలకొల్పెను. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడ కుంచె పట్టిరి. 1925లో మశూచి సోకి రామారావు ఇరువదియెనిమిదవ యేటనే కన్నుమూసెను. ఒక్కని ప్రతిభపైననే ఆధారపడిన పాఠశాల యైనచో నాడే మూతపడవలసినది. మిత్రుడు వరదా వెంకటరత్నము దానిని నడిపెను. అది సర్వజనుల పాఠశాల యని నేననను. కాని కళాశాలను నిలుపునది మహాప్రతిభ మాత్రమే కాదు, కలిసి కూర్చుండి పనిచేయు అలవాటు కూడ నని అది చాటినది.

ఇక శక్తి మాట. శాంతినికేతన చిత్రకారుడు వినోదబిహారీ ముఖర్జీకి చిన్ననాటినుండి చూపు మందము. నడివయస్సున, 1950ల చివర, అదియును పూర్తిగా పోయినది. అయినను ఆయన మానలేదు. చేతితో తడవి కాగితములు కత్తిరించి అతికించెను. 1972లో కళాభవనపు గోడపై పలకలతో కుడ్యచిత్రము కూర్చెను. మొదటనే కన్నులు పరీక్షించి చేర్చుకొను బడిలో ఆయనకు చోటు దొరకియుండునా?

“అందరికిని నేర్పిన కళ పలుచబడదా?” అని కొందరు శంకింతురు. మన వాకిళ్లే దీనికి సమాధానము. ప్రతిభ కలదా యని అడిగి ఏ తల్లియు బిడ్డ చేతికి ముగ్గుపిండి ఈయదు. బిడ్డ పది ముగ్గులు చెరిపి పదునొకండవది నేర్చుకొనును. అందరును వేయుచున్నారని ఆ వీథిలోని చక్కని ముగ్గుకు గౌరవము తగ్గినదా? లేదు. అందరును వేయుదురు కనుకనే చక్కనిదేదో పోల్చగలుగుచున్నారు.

ఇందులకు పెద్ద భవనము అక్కరలేదు. గోల్నాకవంటి పేటలో పిల్లలు ఇండ్లకు పోయిన పిదప బడిలోని ఒక గది సాయంకాలము రెండు గంటలు తెరచిన చాలును. అది మెట్లెక్కనక్కరలేని గది కావలెను. పట్టు చాలనివారికై కుంచె పిడికి గుడ్డ చుట్టవలెను. చూపులేనివారికై అట్టపై జిగురుతో దారము అతికించి గీతను వ్రేలికి తెలియజేయవలెను. తడిమట్టి ముద్దయు ఈయవలెను. ఒకటవ బహుమతి, రెండవ బహుమతి అను పోటీ అక్కడ వలదు. నిన్న నేర్చినవాడు నేడు ప్రక్కవానికి చూపవలెను.

వారు వ్రాసిన బొమ్మలన్నియు ప్రదర్శనశాల కెక్కవు, ఎక్కనక్కరలేదు. ఎన్నడును గీత గీయనివాడు తన వీథిలోని వేపచెట్టును గీయుటకు కూర్చున్ననాడు ఆ చెట్టును మొదటిసారి నిదానించి చూచును. ఆ చూపు అరువదేండ్లకు వచ్చినను ఆలస్యము కాదు. పేరులోని నాకా పేరులోనే యుండనిండు. కళాశాల వాకిట మాత్రము దానిని నిలుపవలదు.