శాశ్వత వ్యవసాయ ప్రణాళిక: పొలములోనే శిక్షణ



శాశ్వత వ్యవసాయమును గురించి ఈ మధ్య చాలమంది అడుగుచున్నారు. ఇంగ్లీషులో దీనిని పెర్మాకల్చరు అంటారు. నీరు, నేల, చెట్టు, పశువు, ఇల్లు ఒకదానికొకటి ఉపకరించునట్లు ఎక్కడ ఏది ఉండవలెనో ముందుగా నిర్ణయించుకొని సాగు చేయుటయే దీని సారము. ఆస్ట్రేలియా దేశమందలి టాస్మేనియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ అను ఇద్దరు దీనిని రూపొందించి 1978లో గ్రంథముగా ప్రకటించినారు. 1987లో మాలిసన్ మన దేశమునకు వచ్చి శిక్షణ ఇచ్చినారు. జహీరాబాదు సమీపమున పస్తాపూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారు ఈ పద్ధతిపై ఒక క్షేత్రమును పెంచినారు. 2017 నవంబరులో దీనిపై అంతర్జాతీయ సమావేశము హైదరాబాదులో జరిగినది. కనుక ఇది మనకు కొత్త మాట కాదు. దీనిని ఏ విధముగా నేర్చుకొనవలెను అన్నదే నేడు చెప్పుకొనవలసిన విషయము.

ఈ విద్యకు దేశదేశములందు చెల్లు పాఠక్రమము ఒకటి ఉన్నది. దాని కాలము 72 గంటలు. ఆ గంటలను గదిలో కూర్చుండి వినుటలో గడపవచ్చును, పొలములో పార పట్టియు గడపవచ్చును. రెండింటికీ నక్కకూ నాకలోకమునకూ ఉన్నంత తేడా. ఎందువలననో ఒక్క పనిని తీసుకొని చూపెదను. అది వాననీటిని నిలుపు పని.

ఎకరము నేలపై ఒక సెంటీమీటరు వాన కురిసినచో సుమారు 40,000 లీటర్ల నీరు పడినట్లు లెక్క. అందులో నాలుగవ వంతు పారిపోయిననూ 10,000 లీటర్లు. ఆ నీరు ఒంటరిగా పోదు. పై మట్టిని, మీరు తోలిన ఎరువును వెంట తీసుకొని పోవును. దానిని ఆపుటకు వాలుకు అడ్డముగా, మట్టము తప్పకుండ కందకము తీసి, ఆ మట్టిని పల్లపు వైపున గట్టుగా వేయవలెను. పుస్తకములో ఇది రెండు వాక్యముల పాఠము.

మట్టము చూచుటకు ఖరీదైన యంత్రము అక్కరలేదు. సమానమైన పొడవుగల రెండు వెదురు కర్రలను పై కొనలు కలిపి కట్టి, కాళ్ళను ఎడముగా ఉంచి, నడుమ ఒక అడ్డకర్ర బిగించండి. పై ముడి నుండి దారముతో రాయి వ్రేలాడదీయండి. దీనిని ఏ-ఫ్రేము అంటారు. రెండు మేకులపై కాళ్ళు నిలిపి, దారము అడ్డకర్రను తాకినచోట గుర్తు పెట్టండి. కాళ్ళను తారుమారు చేసి మరల గుర్తు పెట్టండి. రెండు గుర్తుల నడిమి చోటే సరియైన మట్టము. ఇక పొలములో ఒక కాలిని కదల్చక, దారము ఆ నడిమి గుర్తుపైకి వచ్చువరకు రెండవ కాలిని జరిపి, అచ్చట మేకు పాతండి. ఆ కాలిని అక్కడనే ఉంచి చట్రమును త్రిప్పి ముందుకు సాగండి. ఇట్లు పాతిన మేకుల వరుసయే కాంటూరు గీత.

వినుటకు సులువే. కాని గాలికి దారము ఊగును. కాలు గడ్డిదుబ్బుపై నిలుచును. ఒక్కొక్క మారు అర అంగుళము చొప్పున ఒకే వైపునకు తప్పినచో 50 మార్లకు 25 అంగుళముల తేడా వచ్చును. అప్పుడది కందకము కాదు, కాలువ. నీరంతా పల్లపు కొనకు చేరి, గట్టును తెంచి, చేనిలో వాగు తీయును. పొలములో నేర్చినవారు త్రవ్వుటకు ముందే రెండవ కొస నుండి మట్టమును సరిచూచుకొందురు. త్రవ్విన పిదప నాలుగు బిందెల నీరు పోసి అది ఎటు పారునో గమనింతురు. ఈ అలవాటు చేతికి రావలెను గాని చెవికి కాదు.

ఇంకొక లెక్క. రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, 100 అడుగుల పొడవుగల కందకములో సుమారు 8,500 లీటర్లు పట్టును. ఇంతకుముందు చెప్పిన 10,000 లీటర్లకే అది చాలదు. కనుక మిగులు నీరు పోవుటకు గట్టులో ఒకచోట రాళ్ళు పరచిన అలుగు తప్పక ఉండవలెను. ఆ నీరు ఎవరి చేనిలో పడునో కూడ ముందే చూడవలెను. దిగువ రైతు పైరు మునిగిన తరువాత తగవు తీర్చుకొనుట కంటె, గీత గీయునాడే ఆయనను పిలిచి గట్టుపై నిలబడి మాటాడుకొనుట మేలు.

నేలను బట్టి పని మారును. నీరు త్వరగా ఇంకు ఎర్ర చెల్క నేలలలో ఇట్టి కందకములు బాగుగా ఉపకరించును. నల్లరేగడిలో నీరు నిలిచి వేళ్ళు కుళ్ళును, ఎండలకు గట్టు బీటలు వారును. అచ్చట కొద్దిపాటి వాలు ఇచ్చి మిగులు నీటిని మెల్లగా బయటకు పంపు గట్లు మేలు. మీ నేల గుణము తెలియుటకు ఒక గాజు సీసాలో మూడవ వంతు మట్టి వేసి, నీరు నింపి, బాగుగా కుదిపి ఉంచండి. ఇసుక ఒకటి రెండు నిమిషములలో అడుగున చేరును. ఒండ్రు కొన్ని గంటలలో దిగును. బంకమట్టి పేరుటకు ఒక దినము, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును.

నీరు కుదిరిన తరువాతనే చెట్లు. గట్టుపై కంది, గిరిపుష్పము వేయవచ్చును. దినమునకు రెండుమార్లు చూడవలసిన కూరమడి, కోళ్ళగూడు ఇంటి దగ్గర ఉండవలెను. అప్పుడప్పుడు చూడవలసిన పండ్లచెట్లు దాని వెలుపల, పైర్లు ఆ తరువాత, కలప చెట్లు దూరమున ఉండవచ్చును. దీనిని నేర్చుటకు ఒక మంచి అభ్యాసము ఉన్నది. ఒకనాడు తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు ఇంటివారు ఎక్కడికి ఎన్నిమార్లు నడిచినారో కాగితముపై గీతలు గీయండి. గీతలు దట్టముగా ఉన్నచోటనే తరచు అవసరమగు వస్తువులు ఉండవలెను. నీళ్ళకు, మేతకు, కూరాకుకు నడచునది తరచు ఆడవారే. వారిని అడుగక గీసిన నక్షా సగము నక్షాయే.

శిక్షణకు పోదలచినవారు రుసుము కట్టుటకు ముందు మూడు సంగతులు విచారించండి. మొదటిది, రోజులో ఎన్ని గంటలు పొలములో పని చేయింతురు? రెండవది, శిక్షణ ముగియులోగా మీ సొంత చేనికి మీరే నక్షా గీయునట్లు చూతురా? మూడవది, ఆ క్షేత్రమునకు పంట వలన వచ్చు రాబడి ఎంత, శిక్షణ రుసుముల వలన వచ్చునది ఎంత? ఈ మూడవ ప్రశ్న అడుగుటకు మొగమాటపడవద్దు. వీలైనచో ఆ క్షేత్రమును ఒకమారు వేసవిలో చూచి రండి. వానకాలములో ఏ చేనైనను పచ్చగానే ఉండును.

చెట్లు కాపుకు వచ్చుటకు ఏండ్లు పట్టును. అంతవరకు ఇల్లు గడవవలెను గదా! కనుక నేర్చి వచ్చిన వెంటనే కమతమంతా మార్చవద్దు. అప్పు చేసి అసలే వద్దు. పావు ఎకరము ఎన్నుకొని, వేసవిలో గీత గీసి, ఒక్క కందకము, ఒక్క అలుగు పూర్తి చేయండి. మొదటి గట్టివాన పడునప్పుడు గొడుగు పట్టుకొని అచ్చటనే ఉండండి, పిడుగులు పడుచున్నచో మాత్రము ఇంటిలోనే ఉండి వాన తెరిపి ఇచ్చిన వెంటనే వెళ్ళండి. నీరు ఎక్కడ ఆగినది, ఎక్కడ తప్పించుకొన్నది చూచి మరునాడే సరిచేయండి. ఆ పావు ఎకరము రెండు వానకాలములు నిలిచిన పిదప తక్కిన చేనికి పూనుకొనవచ్చును.