సార్వభౌమత్వం ఒక్కటే, హక్కుదారులు ఇద్దరు

(ప్రసంగ పాఠం)



ఈ పూట మనం సైప్రస్ గురించి మాట్లాడుకుందాం. ఎక్కడో మధ్యధరా సముద్రంలో ఉన్న దీవితో మనకేం పని అని కొందరు అడగొచ్చు. పని ఉంది. మనం రాష్ట్రం అడిగిన రోజుల్లో మన మీద వేర్పాటువాదులమని ముద్ర వేశారు. రాష్ట్రం అడగడం వేరు, సార్వభౌమత్వం అడగడం వేరు. ఈ రెండింటి తేడా ఏమిటో సైప్రస్ కథ చెప్పినంత స్పష్టంగా ఇంకేదీ చెప్పదు.

సైప్రస్ 1960 ఆగస్టు 16న బ్రిటిష్ పాలన నుంచి బయటపడింది. అప్పుడు జనాభాలో నూటికి సుమారు 77 మంది గ్రీకు సైప్రియట్లు, 18 మంది టర్కిష్ సైప్రియట్లు. రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడు గ్రీకు, ఉపాధ్యక్షుడు టర్కిష్. విదేశాంగం, రక్షణ విషయాల్లో ఇద్దరికీ వీటో ఉంది. సభలో 50 స్థానాలుంటే 35 వాళ్లకు, 15 వీళ్లకు. సర్కారు కొలువుల్లో 70:30. దీనికంతా బ్రిటన్, గ్రీస్, టర్కీ హామీదారులు. కానీ ఈ ఏర్పాటు మీద ఆ దీవి ప్రజల ఓటు మాత్రం ఎవరూ అడగలేదు. జ్యూరిచ్‌లో, లండన్‌లో కూర్చుని 1959లో కుదుర్చుకున్న ఒప్పందం అది.

నాలుగేళ్లు తిరగకముందే అది చితికిపోయింది. 18 మందికి 30 కొలువులా అని పెద్ద పక్షానికి కోపం. రాసిచ్చిన వాటా కూడా దక్కడం లేదని చిన్న పక్షానికి బాధ. అధ్యక్షుడు మకారియోస్ 1963 నవంబరులో 13 సవరణలు ముందుపెట్టాడు. వీటో పోవాలి, కొలువులు జనాభా లెక్కన ఉండాలన్నాడు. డిసెంబరులో నెత్తురు పారింది. నికోసియా పటం మీద ఒక బ్రిటిష్ సేనాని ఆకుపచ్చ పెన్సిల్‌తో గీత గీశాడు. అదే గ్రీన్ లైన్. టర్కిష్ సైప్రియట్లు ప్రభుత్వం నుంచి బయటికి వచ్చారు. 1964లో ఐక్యరాజ్యసమితి దళాలు దిగాయి. వాటికి తొలి సేనాధిపతి మన దేశపు జనరల్ జ్ఞానీ. ఆయన తర్వాత వెళ్లిన జనరల్ తిమ్మయ్య 1965లో ఆ దీవిలోనే కన్నుమూశారు.

మిత్రులారా, కొలువుల లెక్క, వాటాల లెక్క వినగానే మనకు పెద్దమనుషుల ఒప్పందం యాదికొస్తది. 1956లో మనకూ రాసిచ్చారు. ముఖ్యమంత్రి అటువైపు వాడైతే ఉపముఖ్యమంత్రి ఇటువైపు వాడన్నారు. మొదటి మంత్రివర్గంలోనే ఆ కుర్చీ లేకుండా చేశారు. కాగితం మీది వాటాను కాపాడే యంత్రాంగం లేకపోతే ఆ వాటా పెద్దవాడి దయ మీద బతుకుతుంది. పోలిక అంతవరకే. అక్కడ తుపాకులు మాట్లాడాయి, పరాయి సైన్యాలు దిగాయి. మనది అన్నదమ్ముల పంపకం.

1974 జూలై 15న గ్రీస్ సైనిక పాలకుల అండతో మకారియోస్‌ను కూలదోశారు. దీవిని గ్రీస్‌లో కలపాలన్నది వాళ్ల ఎత్తు. అయిదు రోజులకే టర్కీ సైన్యం దిగింది. ఆగస్టులో రెండో దాడితో దీవిలో మూడో వంతుకు పైగా పట్టుకుంది. లక్షన్నరకు పైగా గ్రీకు సైప్రియట్లు ఇళ్లు వదిలి దక్షిణానికి, వేలాది టర్కిష్ సైప్రియట్లు ఉత్తరానికి తరలిపోయారు. 1983లో ఉత్తరం తనను తాను వేరే దేశంగా ప్రకటించుకుంది. భద్రతా మండలి అది చెల్లదన్నది. టర్కీ ఒక్కటే గుర్తించింది. చిన్న పక్షానికి జరిగిన అన్యాయం నిజమే. అంతమాత్రాన పరాయి సైన్యం గీసిన సరిహద్దు న్యాయం అయిపోదు.

మరి మళ్లీ కలవడం ఎట్లా? 1977లో మకారియోస్, డెంక్టాష్ కూర్చుని రెండు సమాజాల సమాఖ్యకు ఒప్పుకున్నారు. అప్పటి నుంచి చిక్కు ముడి ఒక్కటే: సార్వభౌమత్వం ఎవరిది? ఇద్దరికీ చెరొకటి ఇస్తే రేపు విడిపోతారని గ్రీకు పక్షం భయం. ఒక్కటే అంటే 1963 మళ్లీ వస్తుందని టర్కిష్ పక్షం భయం. రెండు భయాలూ ఉత్తవి కావు.

కోఫీ అన్నన్ ప్రణాళిక దీనికొక దారి చూపింది. దేశం ఒకటి, పౌరసత్వం ఒకటి, రాష్ట్రాలు రెండు. కేంద్రానికి ఇవ్వని అధికారాలన్నీ రాష్ట్రాలవే. సెనేట్‌లో చెరి సగం, కింది సభలో జనాభా లెక్క. 2004 ఏప్రిల్ 24న రెండు వైపులా ఓటు పెట్టారు. టర్కిష్ సైప్రియట్లలో నూటికి 65 మంది అవునన్నారు. గ్రీకు సైప్రియట్లలో 76 మంది వద్దన్నారు. టర్కీ సైన్యం ఉండిపోతుందని, నిర్వాసితులందరూ ఇంటికి పోలేరని వాళ్ల అభ్యంతరం. వారం తిరగ్గానే, మే 1న, సైప్రస్ యూరోపియన్ యూనియన్‌లో చేరింది. వద్దన్నవాళ్లకు పోయిందేమీ లేదు. అవునన్నవాళ్లు బయటే నిలబడ్డారు.

2014 ఫిబ్రవరి 11న ఇరుపక్షాల నేతలు ఉమ్మడి ప్రకటన చేశారు. సార్వభౌమత్వం ఒక్కటే, అది గ్రీకు, టర్కిష్ సైప్రియట్ల నుంచి సమానంగా పుడుతుందన్నారు. విడిపోవడం లేదు, ఇంకో దేశంలో కలవడమూ లేదన్నారు. అదే ఫిబ్రవరిలో మన బిల్లు 18న లోక్‌సభలో, 20న రాజ్యసభలో గెలిచింది. మన రాష్ట్రం వచ్చింది. దేశ సార్వభౌమత్వానికి గీత కూడా పడలేదు. ఎందుకంటే మనం అడిగింది రాజ్యాంగం మూడో అధికరణ కింద ఇయ్యదగిన రాష్ట్రం. మన నీళ్లు, మన నిధులు, మన నియామకాలు.

వాళ్ల చర్చలు మాత్రం 2017 జూలైలో స్విట్జర్లాండ్‌లోని క్రాన్ మోంటానాలో కూలిపోయాయి. సైన్యం, హామీదారుల హక్కులు, అధికార పంపిణీ దగ్గర బండి ఆగింది. 2020లో ఉత్తరాన గెలిచిన ఎర్సిన్ తతార్ రెండు దేశాలే కావాలన్నాడు. 2025 అక్టోబరులో అక్కడి ఓటర్లు ఆయన్ను ఓడించి, సమాఖ్య కోరే తుఫాన్ ఎర్హుర్మన్‌ను గెలిపించారు. అంటే సామాన్య జనం ఆశ వదులుకోలేదు.

మిత్రులారా, సమైక్యత అనే మాట ఎవరు పలికినా మనం ఒక్క ప్రశ్న అడగాలి: ఏ హోదాలో కలిసుండాలి? సమానులుగా అయితే సరే. వాటాలు రాసిచ్చి, రేపు సంఖ్యాబలంతో చింపేసేటట్టయితే అది కలయిక కాదు, కబ్జా. ఇది పెద్ద పక్షానికి చెప్పే మాట. చిన్న పక్షానికీ ఒక మాట ఉంది: బయటి సైన్యం భుజమ్మీద ఎక్కి తెచ్చుకున్న హక్కు ఆ సైన్యం చేతిలోనే ఉంటుంది. మనం ఈ రెండు దారులూ పట్టలేదు. ప్రజల బలంతో, రాజ్యాంగం దారిలో కొట్లాడి గెలిచాం. సైప్రస్ ప్రజలకు కూడా ఆ దారే దొరకాలని కోరుకుందాం.

జై తెలంగాణ!