స్టేట్ హైవేలన్నీ చుట్టేద్దామంటే... అసలు స్టేట్ హైవే అంటే ఏది?

ఈ ఎపిసోడ్ బషీర్‌బాగ్‌లో మన రూమ్ నుంచే. బండి ఇంకా బయటికి తీయలేదు. తెలంగాణలో ఉన్న ప్రతి స్టేట్ హైవే మీద, ఈ చివర నుంచి ఆ చివరి దాకా బైక్ నడపాలని ప్లాన్. ఈజీ అనిపిస్తుంది కదా? లిస్ట్ రాద్దామని కూర్చుంటేనే తిప్పలు మొదలయ్యాయి.

కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి తెలుసుగా. నాలుగు లేన్లు, దుద్దెడ దగ్గర టోల్ గేటు. చాలామంది నేషనల్ హైవే అనుకుంటారు. కాదు, అది స్టేట్ హైవే 1. అదే చేవెళ్ల మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు చూడండి. రెండు పక్కలా ముసలి మర్రిచెట్లు, ఎదురుగా లారీ వస్తే బండి పక్కకు దింపాల్సినంత ఇరుకుగా ఏళ్ల తరబడి ఉంది. అది మాత్రం నేషనల్ హైవే 163! వెడల్పు చేసేటప్పుడు ఆ చెట్ల గురించి ఎన్‌జీటీ దాకా కేసు నడిచింది. అంటే వెడల్పు చూసో, టోల్ చూసో చెప్పలేం.

మరి తేల్చేది ఏంటి? కాగితం. 1956 నాటి నేషనల్ హైవేస్ చట్టం కింద కేంద్రం గెజిట్‌లో ప్రకటిస్తే నేషనల్ హైవే. మిగతా రోడ్లు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రం చేతిలో ఉంటాయి. వాటిల్లో దేన్ని స్టేట్ హైవే అనాలో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తుంది, చూసుకునేది ఆర్ అండ్ బీ శాఖ. వాటి కింద జిల్లా రోడ్లు, ఇంకా కింద ఊరి రోడ్లు. ఈ మెట్లన్నీ 1943లో నాగపూర్‌లో ఇంజినీర్లు కూర్చుని వేసిన ప్లాన్ నుంచి వచ్చినవే. రోడ్డు మీద గుర్తుపట్టాలంటే కిలోమీటరు రాయి చూడండి. తల పసుపైతే నేషనల్, ఆకుపచ్చైతే స్టేట్. కానీ రాయికి రంగు మార్చడం ఎవరికి గుర్తుంటుంది చెప్పండి!

కాగితం మారితే ఎంత తేడా వస్తుందో 2017లో దేశమంతా చూసింది. నేషనల్, స్టేట్ హైవేలకు 500 మీటర్ల లోపు మందు షాపులు ఉండొద్దని 2016 డిసెంబర్ 15న సుప్రీంకోర్టు చెప్పింది. షాపులు జరపడం కష్టం, రోడ్డు పేరు మార్చడం తేలిక! చండీగఢ్‌లో రాత్రికి రాత్రే హైవేలు జిల్లా రోడ్లయిపోయాయి. అదే తారు, అవే బండ్లు. దాని మీద కేసు వేస్తే, ఊళ్ల మధ్య ట్రాఫిక్ వేరని 2017 జూలైలో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మున్సిపాలిటీ పరిధిలో ఉన్న షాపులకు ఆ నిషేధం అడ్డు కాదని స్పష్టం చేసింది. నాకైతే ఆ పేరు మార్పిడి కథ ఇప్పటికీ మింగుడు పడదు.

ఇది మందు షాపుల గొడవే కదా, మనకేంటి అనుకోకండి. మీ తాత పొలం పక్కన రోడ్డుందనుకోండి. అది నేషనల్ హైవే అయి, వెడల్పుకి భూమి కావాలంటే 1956 చట్టం కిందే నోటిఫికేషన్ వస్తుంది. అభ్యంతరం చెప్పడానికి 21 రోజులే టైమ్. స్టేట్ హైవే అయితే 2013 భూసేకరణ చట్టం, వేరే పద్ధతి. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకి ఒకసారి చెప్పండి, మన రోడ్డు ఎవరిదో కనుక్కోమని.

ఇక మన లిస్ట్. శ్రీశైలం రోడ్డు ఒకప్పుడు స్టేట్ హైవే, ఇప్పుడు నేషనల్ 765. ఇట్లా ఒక్కొక్కటీ పైకి పోతుంటే మన లిస్ట్ చిన్నదైపోతుంది. నేను తిరుగుతుండగానే ఇంకొన్ని మారొచ్చు. అందుకని రూల్ పెట్టుకున్నా: బయల్దేరే రోజుకి ఉత్తర్వుల్లో స్టేట్ హైవే అని ఉన్నదే లెక్క. మధ్యలో నేషనల్ అయినా వదలను. బైపాస్ వచ్చిన చోట రెండూ తిరుగుతా, ఎందుకంటే పాత రోడ్డు మున్సిపాలిటీకి ఇచ్చారో లేదో ప్రతిచోటా రాసి ఉండదు. పెట్రోల్ ఖర్చు నాదే, మీరు నవ్వొద్దు.

మొదటిది రాజీవ్ రహదారే. ఆదివారం పొద్దున అయిదింటికి, జేబీఎస్ నుంచి. దుద్దెడ దగ్గర టీ తాగి వీడియో పెడతా. ఉంటాను మరి.