అంగారకుని ప్రాచీన వాయుమండలము



స్నాతకోత్సవ సభలలో హితోపదేశము చేయుట ఆచారమైనను, శాస్త్రజ్ఞులు ఏబదియేండ్లకు పైగా తేల్చలేకయున్న ప్రశ్న నొకదానిని నేడు పట్టభద్రులగుచున్న మీ కప్పగించుటయే మేలని నాకు తోచినది.

అంగారకుడు నేడు శీతలమైన మరుభూమి. అచటి గాలిలో నూటికి 95 పాళ్లు బొగ్గుపులుసు వాయువే యైనను, దాని పీడనము మన భూమిమీది పీడనములో నూరవ వంతునకైనను చాలదు. సగటున సున్నకు దిగువ 60 డిగ్రీల చలి. అట్టి గ్రహముపై, 1971లో దానిని చేరిన మారినర్-9 నౌక పంపిన ఛాయాచిత్రములలో, ఉపనదులను కలుపుకొనుచు సాగిన పురాతన నదీలోయలు కానవచ్చినవి. 2012లో గేల్ బిలమున దిగిన క్యూరియాసిటీ రోవరు, శిలలో నిమిడియున్న గులకరాళ్లను సమీపమునుండి చూపినది: అవి నునుపుదేరి, అంచులరిగి, గాలి మోసికొని రాలేనంత పెద్దవి, ప్రవాహమే వాని నట్లు దొరలించి యుండవలెను.

అయితే ఆ నదులు పారిన కాలమున, అనగా రమారమి 370 కోట్ల యేండ్ల క్రిందట, సూర్యుని కాంతి నేటి కాంతిలో నాలుగింట మూడు వంతులే. దట్టమైన బొగ్గుపులుసు వాయువే ఆ లోటును పూరించెనందుమా, అది మితిమీరినచో చలికి మేఘములుగా గడ్డకట్టుననియు, సూర్యకాంతిని వెనుకకు చెదరగొట్టుననియు 1991లో జేమ్స్ కాస్టింగ్ అను శాస్త్రజ్ఞుడు గణించి చూపెను. దానికి హైడ్రోజను తోడైనచో వేడి నిలుచునని కొందరందురు. గ్రహము సదా హిమావృతమై, అగ్నిపర్వతముల వలననో ఉల్కాపాతముల వలననో నడుమనడుమ మాత్రమే కరగెనని మరికొందరందురు. నా మనస్సు రెండవ పక్షమునకే మొగ్గుచున్నను, గేల్ బిలమున చిరకాలము నిలిచిన సరస్సు అడుగున పొరపొరలుగా పేరుకొన్న బురదరాళ్లను తలచినప్పుడెల్ల అది ఊగులాడుచునే యున్నది.

ఇక ఆ గాలి ఎచటికి పోయినది? అయస్కాంత క్షేత్రము నశించిన పిదప సౌరపవనము దానిని తూర్పారబట్టినది. 2014 సెప్టెంబరులో, శ్రీహరికోట నుండి బయలుదేరిన మన మంగళయానమునకు రెండు దినములు ముందుగా అంగారకుని చేరిన మేవెన్ నౌక, ఆర్గాను వాయువును పరీక్షించినది. ఆర్గాను ఏ శిలతోను కలియదు. అందలి తేలికపాటి పరమాణువులే ముందుగా తప్పించుకొనును గావున, మిగిలిన బరువైన వాని పాలును బట్టి నష్టమును లెక్కింపవచ్చును. మూడింట రెండు వంతుల ఆర్గాను అంతరిక్షము పాలైనదని ఆ లెక్క తేల్చినది.

అట్లు అంతరిక్షము పాలుకాక మిగిలిన బొగ్గుపులుసు వాయువులో కొంత రాళ్లలో చేరియుండవలెను. గేల్‌లోని కొన్ని పొరలలో నూటికి 5 మొదలు 10 పాళ్ల వరకు ఇనుప కార్బనేటు కలదని 2025లో వెల్లడియైనది. గ్రహమంతట నట్టి శిలలెన్ని కలవో యెవ్వరును కొలువలేదు. జెజెరో బిలమున పర్సెవరెన్స్ రోవరు రాతి నమూనాలతో నింపియుంచిన గొట్టములును ఇంకను భూమిని చేరలేదు. ఆ పని మీ తరముది.