ఆ పుస్తకమేమి చేయవలెను?
(ఒక పట్టణ గ్రంథాలయ వార్షికసభలో చేసిన యుపన్యాసము)



న్యాయవాదికిని చిత్రలేఖనమునకును సంబంధమేమని మీలో పలువురు తలంచుచుందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నేను కుంచె పట్టినవాడను కాను. గ్రంథాలయోద్యమమున స్వచ్ఛంద సేవకుడను. కోర్టులో వాదించి పొట్ట పోసికొనువాడను. అయినను నేడు ఉన్నత పాఠశాలలలో చిత్రలేఖనమును, రూపకల్పనను గూర్చి మాటలాడుటకు కారణము, ఆ విషయమున నేను చేసిన తప్పొకటి యుండుటయే. దానిని మీ యెదుట నొప్పుకొని, పిమ్మట నా మనవిని విన్నవింతును.

మా యూరి యొక ఉన్నత పాఠశాల సంఘమున నేను సభ్యుడను. పదవ తరగతి ఫలితములు తగ్గినవని యొక సంవత్సరము కలవరము పుట్టెను. వారమునకు రెండు గంటలు చిత్రలేఖనమున కున్నవి. వానిని గణితమున కిచ్చిన బాగుండునని తీర్మానము వచ్చినది. అందరికంటె ముందు సంతకము చేసినవాడను నేనే. వెలుపలికి వచ్చుసరికి ద్వారము కడ నొక బాలుడు నిలిచియుండెను. వాని తండ్రి బట్టలపై నద్దకమునకు చెక్క అచ్చులు చెక్కు పనివాడు. వాని చేతిలో సగము నిండిన చిత్రలేఖన పుస్తకమున్నది. “ఇంక ఈ పుస్తకం ఏం చేయమంటారండీ?” అని యడిగెను. వెటకారముగా కాదు, తెలిసికొనుటకే యడిగెను. న్యాయాధిపతుల ప్రశ్నలకు తడువుకొనకుండ ప్రత్యుత్తరము చెప్పు నా నోటికి ఆ దినమున మాట రాలేదు.

కొలది మాసములకు పిమ్మట ఒక గట్టు తగాదాలో స్థలపరిశీలనకు కోర్టువారు నన్ను కమిషనరుగా నియమించిరి. వాదియైన వృద్ధ రైతు వ్రాలు చేయనెఱుగడు. అతని కుమారుడు పట్టభద్రుడు. స్థలము నెట్లున్నదో గీసి చూపుమని కుమారు నడిగితిని. కాగితము పుచ్చుకొని నాలుగు గీతలు గీసి, కాలువ నెచ్చట నుంచవలెనో తెలియక చిన్నబుచ్చుకొనెను. వృద్ధుడు పుల్ల యొకటి తీసికొని నేలమీద గట్టును, కాలువ మలుపును, నూతిని, తాటిచెట్టును క్షణములో గీసి చూపెను. సర్వేయరు కొలిచి చూడగా ఆ మలుపు సరిగా ఆ తావుననే యున్నది. కుమారుని చూచి నవ్వుటకు నాకు హక్కు లేదు. నేనును అంతకంటె బాగుగ గీయజాలను. పదునైదేండ్లు బడిలోను కళాశాలలోను గడపి మే మిరువురము పోగొట్టుకొన్నదేదో ఆ వృద్ధుని కన్నులలో మిగిలియున్నది.

బడిలో పద్యములు చెప్పుట పిల్లలందరిని కవులను చేయుటకు కాదు. అటులనే చిత్రలేఖనము నేర్పుట యందరిని చిత్రకారులను చేయుటకు కాదు, చూచుట నేర్పుటకు. చూచుట నేర్వవలసిన విద్యయా యందురేమో! ఒక ఇత్తడి చెంబును బల్లమీద నుంచి గీయుడని పిల్లలతో చెప్పి చూడుడు. చెంబు మూతి గుండ్రనిదని వారెఱుగుదురు గనుక పూర్ణవలయము గీయుదురు. అడుగు బల్లపై నానియున్నదని యెఱుగుదురు గనుక తిన్నని గీత గీయుదురు. కాని పైనుండి చూచువాని కంటికి మూతి యణగిన వలయముగా గన్పట్టును; అడుగు దానికంటె నెక్కువ వంపుగా గన్పట్టును. పిల్లవాడు గీసినది చెంబును కాదు, చెంబును గూర్చి తాను విన్నదానిని. విన్నదానికిని కన్నదానికిని గల భేదమును వాడు స్వయముగా కనుగొనిన దినముననే చదువు మొదలైనదని నా నమ్మకము. సాక్షులను ప్రశ్నించుటలో నేను ఇరువది యేండ్లుగా చేయుచున్న పని యంతయు నీ భేదమును రాబట్టుటయే గదా!

ఈ విద్య మన పాఠశాలలలో నిట్లు చిన్నబోవుటకు చరిత్ర గలదు. 1850లో అలెగ్జాండర్ హంటరను వైద్యుడు మదరాసులో కళాపాఠశాలను స్థాపించెను. ఆ శతాబ్దమున దొరతనమువారి చిత్రలేఖన విద్య ఇంగ్లండునుండి దిగుమతియైన పద్ధతిపై నడచెను. అచ్చుపటమును చూచి గీతకు గీత నకలు చేయుటయే దానికి ప్రధానము. నకలు వ్రాయువారు కావలసిన రాజ్యమునకు నకలు గీయువారును కావలసిరి. రాజ్యము పోయినది, నకలు మాత్రము పోలేదు. నేటికిని పెక్కు బడులలో ఉపాధ్యాయుడు నల్లబల్లపై మామిడిపండు గీయగా, నలువదిమంది పిల్లలు ఆ గీతనే చూచి గీయుదురు. మామిడిపండును చూచినవా డొక్కడును లేడు!

దీనికి విరుగుడు మన యాంధ్రదేశముననే పుట్టినది. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు పూనుకొని 1910లో బందరున నాంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. అందు పుస్తకవిద్యతోపాటు చేతిపనులకును పీట వేయబడెను. వంగదేశమునుండి ప్రమోదకుమార చట్టోపాధ్యాయులు వచ్చి చిత్రకళ నేర్పిరి. అడివి బాపిరాజుగారు వారి శిష్యులు. రాజమహేంద్రవరమున ప్రభుత్వ కళాశాలాధ్యక్షుడైన కూల్డ్రే దొర దామెర్ల రామారావను బాలుని చేతిలోని శక్తిని గుర్తించి ప్రోత్సహించెను. ఆ బాలుడు బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, తిరిగివచ్చి తన యూరనే చిత్రకళను నాటి, 1925లో ఇరువదియేడేండ్లకే మశూచికముచే గతించెను. వారి చిత్రశాల రాజమహేంద్రవరమున నేటికిని గలదు. నేను చెప్పదలచిన దిదియే: కూల్డ్రేవంటి దొక్క జత కన్నులు లేకున్న నా బాలు డేమైయుండును? అట్టి కన్నులు సోకక పోయినవారి లెక్క ఎవరు వ్రాసిరి?

ఇక రూపకల్పన. ఈ మాట వినగానే రంగుల ముస్తాబని తలంతురు. కాదు. ఈ వస్తువెవరికి, ఏ పనికి, దేనితో, ఎట్లు చేయవలెనని యాలోచించుటయే రూపకల్పన. కొండపల్లి బొమ్మను చూడుడు. తెల్లపొణికి కఱ్ఱ తేలికయైనది, మెత్తనిది. కావున అవయవములను వేరువేరుగ చెక్కి, చింతగింజల పిండితో చేసిన మక్కుతో నతుకుదురు. బొమ్మ రూపమును సగము నిర్ణయించినది కఱ్ఱయే. పోచంపల్లి నేతలో నేయకముందే నూలును ముడికట్టి రంగులో ముంచుదురు. ఏ పోగున నేచోట ముడి పడవలెనో ముందుగా గళ్ళ కాగితముపై లెక్క వేసికొనవలెను. ఆ లెక్క తప్పిన పువ్వు పువ్వు కాదు. కాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయలోను గేదెపాలలోను తడిపెదరు. రంగు ప్రాకకుండుటకు పాలు. ఇనుమును బెల్లమును నీట పులియబెట్టిన కషాయము కరక్కాయ పట్టిన గుడ్డపై సోకగానే నల్లబడును. పటికనీరు పూసినచోటనే యెఱుపు నిలుచును. ఇది రసాయనశాస్త్రము కాక మఱేమి? మన యాడుబిడ్డలు వాకిట చుక్కలు పెట్టి కలుపు ముగ్గులో నున్నది సమరూపత కాక మఱేమి? గణితము కొఱకని మేము లాగికొనిన గంటలోనే గణితముండెను. మే మెఱుగమైతిమి.

ఇచ్చట నొక హెచ్చరిక చేయుట నా విధి. చేతిపనిని బడిలో ప్రవేశపెట్టుట యన సాలెవాని బిడ్డను సాలెమగ్గమునకే కట్టివేయుట కారాదు. 1953లో మదరాసు ప్రభుత్వము బిడ్డలు సగము దినము బడిలోను, తక్కిన దినము తలిదండ్రుల వృత్తిలోను గడపవలెనని యొక ప్రణాళిక తెచ్చెను. అది కులవృత్తుల బంధమని ప్రజ లెదిరింపగా 1954లో రద్దయ్యెను. ఆ యెదిరింపు సరియైనదే. నేను కోరున దందులకు విపర్యయము. న్యాయవాది బిడ్డయు మగ్గముకడ కూర్చుండి పడుగు పేకల నెఱుగవలెను. అచ్చులు చెక్కువాని బిడ్డ తన యింటి విద్య బడిలో గౌరవింపబడుట చూచి, తలయెత్తి, తన కిష్టమైన త్రోవను పోవలెను. 1937 నాటి వార్ధా ప్రణాళికలో చేతిపనిని విద్యకు కేంద్రముగ నుంచి, చిత్రలేఖనమును బోధనాంశములలో చేర్చిన జాకిర్ హుస్సేన్ సంఘమువారి పాఠము బిడ్డలందరికి నొక్కటియే.

పరీక్షల మాటయేమందురా? 2020 నాటి జాతీయ విద్యావిధానము కళలకును శాస్త్రములకును నడుమ గట్టి గోడ యుండరాదని చెప్పినది. కాగితము మనపక్షముననే యున్నది. కాని బిడ్డల దినమును నడుపునది విధానము కాదు, గోడకు వ్రేలాడు కాలపట్టిక. దానిని దిద్దునది మనవంటివారలే. కావున నా సూచనలు చిన్నవి. రెండు గంటలను విడదీయక నొక్కచోట నుంచుడు. నలువది నిమిషములలో చెంబును చూచుటకే చాలదు. నకలు పుస్తకములను మానిపింపుడు. ఆఱు ఏడు తరగతులలో చెట్టును, ఆకును, పాత్రను చూచి గీయింపుడు. ఎనిమిదిలో ముగ్గులను, అల్లికలను, వాని లెక్కలను చెప్పుడు. తొమ్మిదిలో గ్రంథాలయమునకు ప్రకటనపత్రమో, పుస్తకమునకు అట్టయో చేయింపుడు. పదవ తరగతిలో తమ వీధి పటమును కొలిచి గీయింపుడు. ఊరి పనివారిని బడికి పిలిచి, ప్రదర్శన వస్తువులుగా కాక గురువులుగా కూర్చుండబెట్టి, తగిన వేతన మిండు. మార్కులకు బదులు సంవత్సరారంభపు కాగితమును, అంత్యపు కాగితమును ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ఖర్చందురా? బొగ్గు ముక్క, ఇటుకపొడి, పాత వార్తాపత్రికలు చాలును.

ఉపాధ్యాయుడు లేడందురు. నిజమే, పెక్కు బడులలో లేడు. అందుకై దరఖాస్తులు వ్రాయుదము. ఆ పని నాకు చేతనగును. కాని దరఖాస్తుకు జవాబు వచ్చులోపల బిడ్డలు పెరిగిపోవుదురు. అందుచేత ఈ పఠనమందిరమున ప్రతి యాదివారము సాయంకాలము ఒక గంట, పాఠశాల బాలబాలికలకు చిత్రలేఖనమునకై విడువవలెనని మనవి చేయుచున్నాను. మన బల్లలున్నవి, దీపమున్నది. అచ్చులు చెక్కు ఆ పనివాడు వచ్చి నేర్పుటకు సమ్మతించెను. చెంబును నేను తెత్తును.

గడచిన నెలలో మా సంఘమున ఆ తీర్మానమును రద్దుచేయ ప్రతిపాదించితిని. ఒక్క యోటు తక్కువై యోడితిని. మరల ప్రతిపాదింతును. ఆ బాలుడు బడి విడిచి వేఱొక యూరికి పోయినాడు. వాని ప్రశ్నకు నేటికిని నేను ప్రత్యుత్తరము పంపలేదు. ఆదివారము నాడు మీ బిడ్డలను తోడ్కొని రండు. సగము నిండిన పుస్తకమును నింపవలెనని వానికి వ్రాయుటకు నా కప్పుడు ముఖముండును.