జాకీ పని ఎత్తడం, తాళం పని మొయ్యడం
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పే మేము జాకీ గురించి మాట్లాడడమేమిటని మీకు అనిపించవచ్చు. మా దగ్గర చదువుకున్న పిల్లలు ఎందరో నేడు ఎర్రగడ్డ, బోరబండ, సనత్‌నగర్ షెడ్లలో పానా పట్టి బతుకుతున్నారు. వాళ్ల పది వేళ్లే ఇంటిల్లిపాదికీ అన్నం. అందుకే ఈ నాలుగు మాటలు.

కొన్ని షెడ్లలో బండిని ఇటుకల మీద ఎత్తి, కింద చెయ్యి పెట్టేస్తారు. స్ప్లెండర్ బరువు సుమారు 110 కిలోలు, బుల్లెట్ 350 సుమారు 195 కిలోలు. ఇటుక జారితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

కాబట్టి జాకీ కావాలి. ఎటువంటిది? బరువైన బండికి రెట్టింపు మోసేది, అంటే 400 కిలోలకు తగ్గనిది. అడుగు వెడల్పుగా ఉండాలి, పై పట్టీలకు రబ్బరు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎత్తిన తరువాత ఇనుప తాళం పడాలి.

తాళం ఎందుకంటారా? ఆయిల్ జాకీ నడిచేది బడిలో చెప్పే పాస్కల్ సూత్రం మీదనే. పెద్ద పిస్టన్ వైశాల్యం చిన్నదానికి 10 రెట్లుంటే బలమూ 10 రెట్లు. కాని ఆ ఆయిలును ఆపేది చిన్న రబ్బరు సీలు. అది అరిగితే బండి మెల్లగా దిగుతుంది, తెగితే ఒక్కసారిగా పడుతుంది. తాళం పడనిదే, పక్కన స్టాండు పెట్టనిదే కింద చెయ్యి పెట్టరాదు. ఒంటెను కట్టిన తరువాతే తవక్కుల్ అని చిన్నప్పటి నుంచీ వింటున్నదే కదా!

ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాతది దొరికితే, కొత్త రంగు చూసి మోసపోకండి. వెల్డింగు దగ్గర చీలిక ఉందా, చేతులు వంగాయా చూడండి. ఇసుక బస్తాలు ఎత్తించి పది నిమిషాలు ఆగండి. దిగుతుంటే వదిలెయ్యండి.

కొన్నాక సమంగా ఉన్న గచ్చు మీదే వాడాలి. పట్టీలు ఫ్రేములోని గట్టి భాగానికి తగలాలి గాని సైలెన్సరుకు, ఆయిలు తీసే నట్టుకు తగలరాదు. పని కాగానే పూర్తిగా దించి ఉంచితే పిస్టన్ తుప్పు పట్టదు. ఆయిలు తగ్గితే, దించిన స్థితిలోనే జాకీ ఆయిలు పొయ్యండి. బ్రేకు ఆయిలు పోస్తే సీలు ఉబ్బి పాడవుతుంది. కీళ్లకు గ్రీజు మరువకండి.

ఉస్తాదులకు ఒక మనవి. షాగిర్దు మీకు అమానత్. 1986 నాటి చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలను షెడ్డులో పెట్టుకోరాదు. వాళ్లను మా బడికి పంపండి. పెద్ద పిల్లలకు పానా కంటే ముందు తాళం వెయ్యడం నేర్పండి.

చివరగా సంఘానికి ఒక సూచన. జాకీ కొనలేని షెడ్లకు ఖర్జె హసనా ఇప్పిద్దాం. వాయిదాలు మెల్లగా తిరిగి వస్తాయి, పోయిన వేలు తిరిగి రాదు.

ఖుదా హాఫిజ్.