పని నేర్పు విధానము: సాంచె, వరిమడి, తునికాకు



జగిత్యాల ప్రాంతమున పనివారికి పని నేర్పుటకే జీవితమును ధారపోసిన కీర్తిశేషుని స్మృతిసభలో, మనుష్యుడు పని నేర్చుకొను విధమునుగూర్చి శాస్త్రము చెప్పినదేమి, దానిని మన శిక్షణ శిబిరములు ఎంతవరకు చెవినిబెట్టినవి అను ప్రశ్నకంటె ఉచితమైన ప్రసంగవిషయము నాకు తోచలేదు.

1898లో థారన్‌డైక్ అను మనస్తత్వ పండితుడు పిల్లులను కొయ్యపెట్టెలలో బంధించి, అవి తప్పుమీద తప్పు చేయుచు తలుపు తెరచుకొనుటకు పట్టు కాలమును కొలిచి, సత్ఫలితము నిచ్చిన చర్యయే నిలుచునని నిరూపించెను. 1901లో వుడ్‌వర్త్‌తో కలసి ఆయన తేల్చిన రెండవ విషయము నా దృష్టిలో మరింత విలువైనది: ఒకచోట నేర్చినది వేరొకచోట అక్కరకు వచ్చుట ఆ రెండు పనులలోని సమానాంశములను బట్టియే యుండును. నల్లబల్లమీద నేర్పినది మడిలో అక్కరకు రాకున్నచో శిష్యుని మందబుద్ధిని నిందించుట అన్యాయము.

అయినను 1970ల నాటి వ్యవసాయ విస్తరణలో, డేనియల్ బెనోర్ రూపొందించి ప్రపంచ బ్యాంకు ప్రోత్సహించిన శిక్షణ–సందర్శన పద్ధతియందు, అధికారి పక్షమునకొకసారి వచ్చి ఎంపికైన రైతునకు చెప్పెడివాడు. ఆ రైతు ఇరుగుపొరుగువారికి చెప్పవలసియుండెను. రైతు వినువాడే యయ్యెను గాని, చూచి తేల్చుకొనువాడు కాలేదు. దీనికి సమాధానము 1989లో ఇండొనీషియా వరిమళ్లలో పుట్టి, పొలంబడియను పేరుతో తెలుగునేలకు వచ్చినది. పాతికమందివరకు రైతులు వారమునకొకసారి ఒకే మడిలో దిగి, దుబ్బును వంచి, మొదలులో దాగిన సుడిదోమను, దానిని తిను సాలీళ్లను లెక్కించి, శత్రుపురుగుల నొకప్రక్క, మిత్రపురుగుల నొకప్రక్క కాగితముపై గీచి, మందు కొట్టవలెనా వలదా యని తమలో తామే వాదించుకొందురు. జాలీగుడ్డ కప్పిన దుబ్బుపై సాలీడు దోమను పట్టుట కన్నులార చూచినవానికి వేరే ఉపన్యాస మేల? పొలాసలోని వ్యవసాయ పరిశోధనాస్థానము జగిత్యాల సన్నాలు వంటి వంగడముల నిచ్చి మహోపకారము చేసినది. కాని విత్తనమువలె నేర్పును సంచిలో నింపి పంచిపెట్టుటకు వీలుకాదు.

1991లో జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అను విద్వాంసులు పనిలో పాల్గొనుచునే పని నేర్చుటకు లైబీరియా దర్జీలను ఉదాహరించిరి. అచ్చటి శిష్యుడు గుండీలు కుట్టుటతో ఆరంభించి, గుడ్డ కత్తిరించుట చిట్టచివర నేర్చును; తొలినాళ్ల తప్పు వలన నష్టము స్వల్పము, తయారైన దుస్తు ఎట్లుండవలెనో మొదటినుండియు వాని కన్నులయెదుటనే యుండును. సిరిసిల్ల నేతయిండ్లలో ఈ క్రమము కొత్తది కాదు: ముందు కండెలు చుట్టుట, పిదప నాడెలో కండె మార్చుట, తరువాత పడుగులో తెగిన పోగును వెదకి అతుకుట, ఆపైననే సాంచె (మరమగ్గము) నడుపుట. కోరుట్లలో తునికాకు చాట ముందు కూర్చున్న తల్లి ప్రక్కన బీడీకొన ముడుచుట నేర్చిన బాలికలదియు ఇదే మార్గము. అయితే ఆ బాలికలు అందుకై చెల్లించిన మూల్యము తమ బడిచదువు. దానిని మరచి ఇంటిబడిని కీర్తించుట నాకు సమ్మతము కాదు.

వయోజనులకు ఆ క్రమమునే బుద్ధిపూర్వకముగా కల్పింపవచ్చును. సాంచె నేర్పదలచినవారు నడుచుచున్న షెడ్డులోనే మొదటివారము పోగు అతుకుట మాత్రమే నేర్పి, గుడ్డలో పడిన లోపమును నేర్చువానిచేతనే వెదకింపవలెను. కంఠస్థము చేసినదానిలో అధికభాగము తొలినాళ్లలోనే జారిపోవునని 1885లోనే ఎబ్బింగ్‌హాస్ చూపెను గనుక, ధ్రువపత్రమును శిబిరపు చివరినాడు కాక, నెల గడచిన పిమ్మట సాంచె దగ్గరనే పరీక్షించి ఈయవలెను.